గోదావరి సరుకు ఆన్‌లైన్‌లో అమ్మాలంటే: రెండో ఆర్డర్ లెక్క

గోదావరి జిల్లాల్లో ఉండి ఆన్‌లైన్‌లో ఏదో ఒకటి అమ్ముదామనుకునేవాళ్లు ఈమధ్య బాగా పెరిగారు, నాకు అది చాలా సంతోషం. పూతరేకులు, తాండ్ర, పచ్చళ్లు, నరసాపురం లేసు, ఇవన్నీ మన దగ్గర పుట్టిన సరుకు, వీటిని ఎక్కడో కూర్చున్నవాళ్లు కాకుండా మనమే అమ్ముకోవాలి. అయితే నా దగ్గరికి వచ్చేవాళ్లలో చాలామంది ముందు అడిగేది "వెబ్‌సైట్ ఎవరి చేత చేయించాలండీ, యాడ్స్‌కి ఎంత పెట్టాలండీ" అని. ఆ రెండూ తర్వాత చూద్దాం. ముందు ఒక కాగితం, పెన్ను తీసుకుని కూర్చోండి.

ముందు లెక్క వేయండి

పూతరేకుల పెట్టె ఒకటి 450 రూపాయలకి అమ్ముతున్నారనుకుందాం. ఇవి ఉదాహరణకి చెబుతున్న అంకెలే, మీవి మీరు వేసుకోండి, లెక్క తేలిగ్గా ఉండాలని పన్ను కూడా కలపట్లేదు. రేకులు చుట్టి ఇచ్చినవాళ్లకి 220. అట్టపెట్టె, టేపు, లోపలి కాగితం కలిపి 30. కొరియర్ 90. ఆన్‌లైన్‌లో డబ్బు కట్టించుకున్నందుకు పేమెంట్ గేట్‌వే వాళ్లు రెండు శాతం, దాని మీద 18 శాతం జీఎస్టీ పట్టుకుంటే దాదాపు 11. ఇరవై పెట్టెల్లో ఒకటి నలిగిపోయి మళ్లీ పంపాల్సి వస్తుందనుకుంటే ఆ భారం పెట్టెకి 17. మొత్తం 368 అయింది, మిగిలేది 82. ఇప్పుడు ఆ కస్టమర్‌ని తెచ్చుకోవడానికి ఇన్‌స్టాగ్రామ్‌లో యాడ్ వేశారు, ఆర్డరుకి 120 పడింది. అంటే మొదటి ఆర్డరులో మీ జేబులోంచి 38 రూపాయలు పోయాయి. అదే ఇంటివాళ్లు ఇంకో రెండు నెలలకి యాడ్ ఏదీ చూడకుండా వాట్సాప్‌లో "ఇంకో పెట్టె పంపండీ" అన్నారనుకోండి, ఆ 82 మొత్తం మీదే.

ఇన్నేళ్లుగా ఈ పనిలో ఉండి నేను గట్టిగా నమ్మేది ఈ లెక్కలోనే ఉంది. రెండో ఆర్డర్ రాని చోట వ్యాపారం లేదు. ఏం అమ్మాలి, ఏ పెట్టె కొనాలి, ఫోన్‌లో ఎలా మాట్లాడాలి, ఏ రోజు పంపాలి, అన్నీ "ఈ ఇంటి నుంచి మళ్లీ ఆర్డర్ వస్తుందా" అన్న ఒక్క ప్రశ్న వేసుకుని తేల్చుకోండి. కింద చెప్పేవన్నీ దానికోసమే.

ఒక్క సరుకుతో మొదలుపెట్టండి

మొదటి రోజే నలభై రకాలు పెట్టకండి. పూతరేకులు, కాజాలు, సున్నుండలు, జంతికలు, పది పచ్చళ్లు, మూడు పొడులు అన్నీ ఉంటే సైట్ నిండుగా కనిపిస్తుంది నిజమే, కానీ వాటిలో ఏది ఎప్పుడు చేశారో, ఏది ఎన్నాళ్లు నిలవ ఉంటుందో మీకే గుర్తుండదు. ఒకటి, మహా అయితే రెండు. ఆ ఒకటి ఎలా ఎంచుకోవాలంటే, చేసేవాళ్లు మీకు బండి మీద అరగంటలో చేరుకునేంత దగ్గర్లో ఉండాలి, మీరు వాళ్ల వంటింట్లోకి వెళ్లి నిలబడగలగాలి, ఆ సరుకు కనీసం పది రోజులు పాడవకుండా ఉండాలి, దూరం ఊళ్లో దానికి సమానమైనది దొరక్కూడదు. ఈ నాలుగూ కుదిరితే చాలు.

ఆత్రేయపురం చుట్టుపక్కల వాళ్లయితే రేకులే సహజం. పొద్దున్నే ఆ వీధుల్లోకి వెళ్లి చూడండి, ప్రత్యేకంగా చేయించిన కుండని బోర్లించి, కింద ఎండు కొబ్బరాకు మంట పెట్టి, పల్చటి బియ్యప్పిండి పాలలో గుడ్డ ముంచి కుండ మీదుగా ఒక్క లాగు లాగుతారు. గుడ్డ అవతలి అంచు చేరేలోపే పిండి ఆరి రేకు అంచులు లేస్తాయి. మంట కాస్త పెరిగితే రేకు మాడుతుంది, తగ్గితే కుండకి అంటుకుపోతుంది. ఆ మంటని చూపుతోనే కనిపెట్టుకుంటూ గంటల తరబడి అలా కూర్చునే ఆవిడని ఒకసారి చూస్తే, మీరు పెట్టె మీద వేసే ధర గురించి ఎవరితోనైనా ధైర్యంగా మాట్లాడగలరు. ఆత్రేయపురం పూతరేకులకి 2023లో జీఐ గుర్తింపు వచ్చింది, అంటే ఇది ఫలానా ఊరి సరుకేనని ప్రభుత్వం ఇచ్చే గుర్తింపు. కాబట్టి వేరే ఊళ్లో చుట్టించి ఆత్రేయపురం పేరు పెట్టకండి, జీఐ లోగో వేసుకోవాలంటే అధీకృత వినియోగదారుగా పేరు నమోదు చేయించుకున్నవాళ్ల దగ్గర కొనండి.

నరసాపురం, పాలకొల్లు వైపు వాళ్లయితే లేసు గురించి ఆలోచించండి. 19వ శతాబ్దంలో క్రైస్తవ మిషనరీల ద్వారా వచ్చిన అల్లిక అది, నరసాపురం క్రోషె లేసుకి 2024లో జీఐ వచ్చింది. నలగదు, చీమలు పట్టవు, నెలల తరబడి అలమారాలో ఉన్నా ఏమీ కాదు, కవర్లో పెట్టి పంపేయొచ్చు. ఆన్‌లైన్ వ్యాపారం కొత్తగా మొదలుపెట్టేవాళ్లకి తినే సరుకు కంటే ఇది చాలా తేలిక. మిషన్ మీద తయారైన చవక లేసుతో పోటీ ఉంటుంది కాబట్టి దగ్గర నుంచి తీసిన ఫొటో, అల్లుతున్న చేతుల వీడియో తప్పకుండా పెట్టాలి. ఉప్పాడ జాందానీ చీరలు పుట్టే చోటు డెల్టాకి కాస్త అవతల అయినా మనవాళ్లు చాలామంది అవి అమ్ముతున్నారు, వాటికి 2009లోనే జీఐ వచ్చింది. చీరని తిరగేసి చూపించండి, బుటా రెండు వైపులా దాదాపు ఒకేలా కనిపించడమే దాని గొప్పతనం, ఫొటోల్లో ఎక్కువమంది చూపించనిది కూడా అదే.

చేసేవాళ్లతో మాట, డబ్బు

ఇది అందరూ తొందరగా దాటేస్తారు, నాకైతే అన్నిటికన్నా ముఖ్యం ఇదే. రేకులు తీసేది, తాండ్ర పోసేది, లేసు అల్లేది ఎక్కువగా ఆడవాళ్లే. వాళ్లకీ కొనేవాళ్లకీ మధ్య ఎప్పుడూ ఒకరో ఇద్దరో ఉంటారు, డబ్బు ఆలస్యమయ్యేది అక్కడే. మీరు ఇంకో మధ్యవాడు కాకూడదంటే సరుకు తీసుకున్న రోజే డబ్బు ఇచ్చేయండి. మీకు కస్టమర్ దగ్గర నుంచి ముందే వచ్చేసింది కదా, గేట్‌వే నుంచి బ్యాంకులో పడటానికి రెండు మూడు రోజులు పట్టినా ఆ మాత్రం మీరు సర్దుకోండి, ఆవిడని సర్దుకోమనకండి. దీనివల్ల మీకు లాభం కూడా ఉంది. సంక్రాంతి ముందు అందరూ ఒకేసారి రేకుల కోసం ఎగబడినప్పుడు, "ముందు ఆ అబ్బాయిగారివి చుట్టాలి" అని మీ సరుకే ముందు పెడతారు.

రేటు మాట్లాడేటప్పుడు నెయ్యి ఎవరిది, పంచదార ఎవరిది, జీడిపప్పు ఎవరిది అని విడివిడిగా తేల్చుకోండి. నా సలహా ఏంటంటే, నెయ్యి మీరే కొని ఇవ్వండి. రేకుల్లో తేడా వచ్చేది ఎక్కువగా నెయ్యి దగ్గరే, డాల్డా కలిసినవి రెండో రోజుకే నోటికి అంటుకుంటాయి, అది తిన్నవాళ్లు ఫిర్యాదు కూడా చేయరు, ఊరికే మళ్లీ కొనరు. నెయ్యి కాచి అమ్మేవాళ్లని, ఏం పిన్నిగారూ, ఈ వారం వెన్న ఎక్కడిది అని అడిగేంత చనువు పెంచుకోండి. అలాగే ప్రతి విడత సరుకులోంచి ఒక పెట్టె మీ ఇంట్లో తేదీ రాసి పక్కన పెట్టండి, రోజూ ఒకటి తీసి తినండి. ఎన్నో రోజుకి రేకు మెత్తబడిందో, ఎప్పుడు నెయ్యి వాసన మారిందో అలా తెలుస్తుంది, లేబుల్ మీద వేసే గడువు తేదీ దానికి ఇంకా ముందే పెట్టండి.

పెట్టె

ఇక్కడ కాస్త ఆగి చదవండి, ఎందుకంటే కొత్తగా మొదలుపెట్టినవాళ్ల డబ్బు ఎక్కువగా పోయేది ఇక్కడే.

కొరియర్ వాళ్లు కాటా బరువు ఒక్కటే చూడరు. పెట్టె పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో గుణించి, చాలామంది దాన్ని 5000తో భాగిస్తారు, వచ్చినదానికీ కాటా బరువుకీ ఏది ఎక్కువైతే దానికి డబ్బు వసూలు చేస్తారు. పూతరేకులు దూది లాంటి సరుకు, బరువుండదు, చోటు తింటుంది. 30, 20, 12 సెంటీమీటర్ల పెట్టె తీసుకోండి. గుణిస్తే 7200, భాగిస్తే 1.44 కిలోలు. లోపల సరుకు అరకిలో ఉన్నా మీరు కట్టేది కిలోన్నరకి. అదే రేకులని రెండు వరసలుగా బిగువుగా సర్ది 24, 16, 9 పెట్టెలో పెడితే 0.69, అంటే కిలో లోపే. అరకిలో అంచెల్లో రేటు వేసే కొరియర్ అయితే ప్రతి పార్శిల్‌కీ ఒక అంచె మిగిలిపోతుంది. కాబట్టి ముందు అందమైన పెట్టె డిజైన్ చేయించి తర్వాత సరుకు అందులో ఇరికించకండి, సరుకు కొలిచి దానికి సరిపడా పెట్టె చేయించండి. చుట్టూ ఒక వేలు మందం ఖాళీ చాలు, ఆ ఖాళీ కాగితంతో నిండాలి, లోపల ఏదీ కదలకూడదు.

తర్వాత పరీక్ష. పెట్టె సీల్ చేసి నడుము ఎత్తు నుంచి కింద పడేయండి, ఒక మూల మీద, ఒక అంచు మీద, తర్వాత ఆరు వైపులా. విప్పి చూడండి. హైదరాబాద్‌లో ఒక చుట్టానికి, బెంగళూరులో ఒక స్నేహితుడికి మామూలు కొరియర్‌లోనే పంపి, విప్పుతుంటే వీడియో తీసి పంపమనండి. మొహమాటానికి బాగుందని చెప్పొద్దని ముందే చెప్పండి. రేకు విరగడం వేరు, పొడి అవడం వేరు. ఒకటి రెండు విరిగితే ఎవరూ ఏమీ అనుకోరు, "ఏవండీ, పొడి పొడి అయిపోయిందండీ" అని ఫోన్ వస్తే మాత్రం పెట్టె మార్చాల్సిందే.

పచ్చళ్లకైతే అసలు శత్రువు నూనె. సీసా మూత ఎంత గట్టిగా బిగించినా, పడుకోబెడితే నూనె దారి వెతుక్కుంటుంది. మూత కింద ఇండక్షన్ సీల్, అంటే సీసా నోటికి వేడితో అంటుకుపోయే పల్చటి రేకు, వేయించి, సీసాని ఒక రాత్రంతా తెల్ల కాగితం మీద పక్కకి పడుకోబెట్టండి, పొద్దున కాగితం మీద మరక ఉంటే ఆ సీసా పంపడానికి పనికిరాదు. సీల్ ఉన్నా సరే, ఒక్కో సీసాని విడిగా జిప్ కవర్లో పెట్టండి. మరోమాట, న్యూస్‌పేపర్ తినే సరుకుకి నేరుగా తగలకూడదు, ఆ సిరా మంచిది కాదని తినే సరుకు భద్రత చూసే కేంద్ర సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ నిబంధనే ఉంది. పెట్టెలో ఖాళీ నింపడానికి వాడుకోండి, రేకు చుట్టడానికి కాదు.

కాగితాలు

ఇవి తొందరగా చెప్పేస్తాను. ఇంట్లో చేసి అమ్మినా తినే సరుకుకి ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ నంబరు ఉండాలి, పద్నాలుగు అంకెలుంటుంది, లేబుల్ మీద తప్పకుండా వేయాలి. చిన్న స్థాయిలో రిజిస్ట్రేషన్, పెరిగాక లైసెన్సు. దరఖాస్తులో ఆన్‌లైన్ అమ్మకం కూడా ఉందని రాయండి. లేబుల్ మీద తయారీదారు పేరు, చిరునామా, నికర బరువు, ఎమ్మార్పీ, తయారీ తేదీ, గడువు, ఏమేం వేశారో ఆ జాబితా, శాకాహారమైతే పచ్చ గుర్తు, ఫిర్యాదుకి ఫోన్ నంబరు, ఇవన్నీ చదవగలిగేంత అక్షరాల్లో ఉండాలి.

జీఎస్టీ దగ్గర మనవాళ్లు ఎక్కువగా పొరబడే విషయం ఒకటుంది. "టర్నోవరు తక్కువే కదా, ఇప్పుడే అక్కర్లేదు" అనుకుంటారు. కానీ పన్ను పడే సరుకు వేరే రాష్ట్రానికి అమ్మితే టర్నోవరు ఎంతైనా రిజిస్ట్రేషన్ ఉండాలి. రావులపాలెం నుంచి హైదరాబాద్ పంపినా ఇప్పుడు అది వేరే రాష్ట్రమే, మన కస్టమర్లలో సగం మంది ఉండేదేమో అక్కడే. చేతివృత్తుల సరుకుకి కొంత మినహాయింపు ఉంది, లేసు అమ్మేవాళ్లు అది తమకి వర్తిస్తుందో లేదో ఆడిటర్‌ని అడిగి తెలుసుకోండి. చిన్న వ్యాపారాలని ప్రభుత్వం దగ్గర నమోదు చేసే ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ఉచితం, దానికి డబ్బులడిగే వాళ్ల దగ్గరికి వెళ్లకండి. పేరు కాస్త నలుగురికీ తెలిశాక ట్రేడ్‌మార్క్ వేయించండి, వ్యక్తులకీ చిన్న సంస్థలకీ ఆన్‌లైన్‌లో ఒక్కో తరగతికి 4500 రూపాయలు ఫీజు. మీ ఊరి పేరు, దేవుడి పేరు పెట్టుకుంటే తర్వాత మీదేనని నిలబెట్టుకోవడం కష్టం, కాస్త కొత్త పేరు పెట్టండి.

సైట్, ఫొటోలు, రాత

మొదటి ఆరు నెలలు వాట్సాప్ బిజినెస్ కేటలాగ్, ఒక యూపీఐ క్యూఆర్, ఒక ఇన్‌స్టాగ్రామ్ పేజీ సరిపోతాయని నా ఉద్దేశం. ఆర్డర్లు చేత్తో రాసుకోలేనంతగా పెరిగినప్పుడు సైట్ పెట్టండి. అప్పటికి జనం ఏం అడుగుతున్నారో మీకు తెలుస్తుంది కాబట్టి సైట్ కూడా బాగా వస్తుంది.

ఫొటో పొద్దున ఎనిమిది తొమ్మిది మధ్య అరుగు మీద తీయండి, ఎండ నేరుగా పడకుండా వెలుతురు మాత్రం ఉండే చోట. సైజు తెలియడానికి పక్కన ఒక చెయ్యి ఉండాలి. ఒక రేకు విప్పి లోపలి పొరలు, నెయ్యి తడి, బెల్లం పొడి కనిపించేలా దగ్గర నుంచి ఒకటి తీయండి. అన్నిటికంటే బాగా పనిచేసేది పదిహేను సెకన్ల వీడియో, రేకు విరుగుతున్న చప్పుడు వినిపించాలి, దాని మీద పాట పెట్టకండి.

రాతలో గొప్పలు వద్దు. ఎన్ని ముక్కలు, ఎంత బరువు, నెయ్యి ఏంటి, ఎన్ని రోజులు ఉంటుంది, ఫ్రిజ్‌లో పెట్టాలా వద్దా, ఇవి ముందు రాయండి. "షుగర్ ఉన్నవాళ్లు కూడా హాయిగా తినొచ్చు" లాంటి మాటలు రాయకండి, ఆరోగ్యం గురించి అలాంటి హామీలకి చట్టం ఒప్పుకోదు, అంతకంటే ముఖ్యంగా ఆ మాట నమ్మి ఒక పెద్దాయన నాలుగు ఎక్కువ తింటారు.

డబ్బు, డెలివరీ

తినే సరుకుకి క్యాష్ ఆన్ డెలివరీ పెట్టకండి. తలుపు తీయలేదనో, వద్దన్నారనో పార్శిల్ వెనక్కి వస్తే రెండు వైపులా కొరియర్ ఖర్చు మీదే, పైగా వచ్చిన రేకులు ఎవరికీ పనికిరావు. ముందు డబ్బు కట్టడానికి భయపడే కొత్త కస్టమర్లకి ఫోన్ చేసి మాట్లాడండి, చేసేవాళ్ల వీడియో పంపండి, ఆ నమ్మకం మాటతోనే వస్తుంది. చీరలు, లేసు లాంటివాటికి కావాలంటే కొంత అడ్వాన్స్ తీసుకుని మిగతాది డెలివరీకి పెట్టుకోవచ్చు.

రేకులూ మిఠాయిలూ సోమ, మంగళ, బుధవారాల్లోనే పంపండి. శుక్రవారం మధ్యాహ్నం ఇస్తే ఆదివారమంతా ఏదో గోడౌన్‌లో మూలనపడి ఉంటుంది. హైదరాబాద్‌కి తొందరగా కావాలన్నవాళ్లకి రాత్రి బస్సుల పార్శిల్ ఇప్పటికీ మంచి దారి. అమలాపురం, రావులపాలెం, భీమవరం నుంచి సాయంత్రం బయలుదేరిన బస్సు తెల్లారేసరికి అక్కడ ఉంటుంది, ఆర్టీసీ కార్గోలో కూడా వేయొచ్చు. రసీదు ఫొటో తీసి అప్పుడే కస్టమర్‌కి పంపేయండి, అడిగేదాకా ఆగకండి.

మన ఏడాది ఎలా ఉంటుందో తెలిసి ఆర్డర్లు తీసుకోండి. ఏప్రిల్‌లోనే కొత్త ఆవకాయ బుకింగ్ తెరవండి, మే నెలలో కలిపి, ఊరడానికి టైం ఇచ్చి పంపండి. ఆషాఢం, శ్రావణం సారెల ఆర్డర్లు పెద్ద మొత్తంలో వస్తాయి, అందులో సగం అడ్వాన్స్ లేనిదే పని మొదలుపెట్టకండి. జులై, ఆగస్టుల్లో గోదావరికి వరద వస్తే లంక ఊళ్లకి కాజ్‌వేలు మునిగి పడవలే దిక్కవుతాయి, అక్కడ నుంచి సరుకు తెచ్చుకునేవాళ్లు పై నుంచి నీళ్లు వస్తున్నాయన్న కబురు వినగానే రెండు వారాల సరుకు ఇవతలికి తెచ్చుకోవాలి. ఆ తేమకి రేకులు కూడా తొందరగా మెత్తబడతాయి, ఆ రెండు నెలలూ గడువు తేదీ తగ్గించి వేయండి. సంక్రాంతికైతే పండక్కి వారం ముందే ఆర్డర్లు ఆపేసి ఆ తేదీ పెద్దగా రాసి పెట్టండి. పండగ వెళ్లాక చేరిన పెట్టెని ఎంత బాగున్నా ఎవరూ క్షమించరు.

ఫిర్యాదు వచ్చినప్పుడు

ఎవరైనా "నలిగిపోయిందండీ" అన్నారంటే ముందు ఫోటో అడగకండి. "అయ్యో, ఇంకో పెట్టె రేపే పంపిస్తానండీ" అని చెప్పి, తర్వాత "మా ప్యాకింగ్ సరిచేసుకోడానికి ఒక ఫోటో పెట్టగలరా" అని అడగండి. అదే మాటలు, వరస మారితే చాలు, వినేవాళ్లకి చాలా తేడా. మోసం చేసేవాళ్లు ఉండరా అంటారు, ఉంటారు, చాలా తక్కువ మంది, పైన లెక్కలో వేసిన 17 రూపాయల్లో వాళ్లు కూడా ఉన్నారు. చట్టం ప్రకారం కూడా 2020 ఈ-కామర్స్ నిబంధనల్లో ఫిర్యాదు అందిందని 48 గంటల్లో చెప్పాలి, నెలలోపు తేల్చాలి అని ఉంది. మీరు అదే రోజు తేల్చేయండి.

ఒక లాంగ్ నోట్‌బుక్ పెట్టుకుని ప్రతి ఇంటికీ ఒక వరస రాయండి. ఎవరికి బెల్లం రేకులు ఇష్టం, ఎవరికి జీడిపప్పు వద్దు, ఎవరింట్లో పిల్లాడి పుట్టినరోజు ఏ నెలలో. రెండు నెలలకోసారి ఆ వరసలు తిరగేసి పదిమందికి మాత్రమే మెసేజ్ పెట్టండి, పేరు పెట్టి పిలుస్తూ. అందరికీ ఒకేసారి ఫార్వర్డ్ చేసే మెసేజ్ మీకు వచ్చినప్పుడు మీరు ఏం చేస్తారో వాళ్లూ అదే చేస్తారు.

నాకు ఇష్టమైనవి

వస్తువుల్లో ముందు చెప్పాల్సింది డిజిటల్ కాటా. గ్రాము తేడా చూపించేది ఒకటి, పార్శిల్ తూచే పెద్దది ఒకటి. తర్వాత లేబుల్ ప్రింటర్, ఇంకు అక్కర్లేని థర్మల్ రకం, రోజుకి పది పార్శిళ్లు దాటాక కొనండి, చేత్తో చిరునామా రాసే టెన్షన్ పోతుంది, పిన్‌కోడ్ తప్పులు ఆగిపోతాయి. చేత్తో పట్టుకుని లాగే టేపు కట్టర్ చాలా చిన్న వస్తువు, దాని విలువ సంక్రాంతి వారంలో తెలుస్తుంది.

సరుకులో నా మొదటి ఇష్టం బెల్లం రేకులు, పంచదారవి కాదు. బెల్లం వేసినవి తొందరగా మెత్తబడతాయి, పంపడం కష్టం, అయినా రుచికి వాటికి సాటి లేదు, అందుకే దగ్గర ఊళ్లకి మాత్రమే అమ్ముతాను. రెండోది మామిడి తాండ్ర. చాప మీద మామిడి రసం ఒక పొర పోసి, ఎండలో ఆరాక దాని మీద ఇంకో పొర, అలా రోజుల తరబడి పోస్తూ వెళ్తారు, ముక్క అడ్డంగా కోస్తే ఆ పొరలు లెక్కపెట్టొచ్చు. ఎండలో ఆరిన తాండ్ర రంగు ముదురుగా, అక్కడక్కడా మచ్చలుగా ఉంటుంది, ఒకే రంగులో మెరిసిపోయేదాన్ని చూస్తే నాకు అనుమానం. ఆన్‌లైన్‌లో అమ్మడానికి ఇంత మంచి సరుకు ఇంకోటి లేదంటాను, నలగదు, కారదు, నెలలు నిలవ ఉంటుంది, పెట్టెలో చోటు తినదు. ఆవకాయల్లో కొత్తపల్లి కొబ్బరి అనే రకం మామిడికాయతో పెట్టినది, దాని పుల్లటి గట్టి ముక్క ఏడాది చివరికి కూడా కొరికితే పళ్లకి తగులుతుంది. లేసులో నాకు టేబుల్ క్లాత్‌ల కంటే చిన్న గ్లాసు మూతల గుడ్డలు ఇష్టం, అంచున పూసలు కట్టినవి. తక్కువ ధర, కవర్లో పోతుంది, తీసుకున్నవాళ్లు రోజూ నీళ్ల గ్లాసు మీద చూస్తారు, వాటిని కొన్నవాళ్లే తర్వాత పెద్దవి అడుగుతారు.

అమెరికా పార్శిళ్లు

ఈ ప్రశ్న తప్పకుండా వస్తుంది, ప్రతి ఊళ్లోనూ ఎవరో ఒకరి పిల్లలు అక్కడ ఉన్నారు కదా. ఇంతకుముందు 800 డాలర్లలోపు సరుకు సుంకం లేకుండా వెళ్లేది, 2025 ఆగస్టు 29 నుంచి ఆ మినహాయింపు తీసేశారు. పాత రేటు పట్టుకుని ఆర్డర్ తీసుకుంటే సుంకం ఎవరు కట్టాలన్న గొడవ వస్తుంది, కాబట్టి సుంకంతో కలిపి రేటు ఎంతో కొరియర్ వాళ్ల దగ్గర రాతపూర్వకంగా తీసుకుని, అదే కస్టమర్‌కి ముందే చెప్పండి. రేకులు అంత దూరం పంపకండి. తాండ్ర, పొడులు, సీల్ వేసిన పచ్చళ్లు, ఏది పంపినా లోపల ఏముందో ఇంగ్లీషులో స్పష్టంగా జాబితా రాసి, ఒక కాపీ పెట్టె లోపల, ఒకటి పైన అంటించండి. దేశంలో కనీసం వంద ఇళ్ల నుంచి రెండో ఆర్డర్ వచ్చేదాకా విదేశాల జోలికి వెళ్లొద్దని నా సలహా. ఈలోగా ఎవరైనా అడిగితే, ఈ ఏడాది పండక్కి ఇక్కడికి వచ్చే చుట్టం ఎవరో కనుక్కుని, తిరుగు ప్రయాణానికి వాళ్ల పెట్టెలో పెట్టేలా తాండ్ర ప్యాక్ చేసి ఇవ్వండి.